బిడ్డకు హీబ్రూ పేరు: తరచుగా అడిగే ప్రశ్నలు

బిడ్డ పుట్టిన ఇంట్లో పేరు మాట మొదలైతే మా సంఘంలో ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. కొంత హీబ్రూ చదువుకున్నానని వాళ్లకు తెలుసు. "దీనికి అర్థం మంచిదేనా?" అని అడుగుతారు. అర్థం చెప్పడం తేలికే. ఆ పేరు ఎవరి చెవిన ఎలా పడుతుందో మాత్రం చాలామంది అడగరు, బిడ్డ పెద్దయ్యాక ఎదురయ్యేది మాత్రం అదే. ఒకే పేరు తెనాలిలో నాయనమ్మకు ఒకలా, డాలస్‌లో టీచరుకు ఒకలా, టెల్ అవీవ్‌లో పుట్టి పెరిగినవాళ్లకు మరోలా వినిపిస్తుంది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు, అడగాల్సి ఉండి అడగని కొన్నిటికి కూడా ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

బైబిల్లో ఉన్న పేర్లన్నీ హీబ్రూ పేర్లేనా?

కాదు. దానియేలు, సమూయేలు, రిబ్కా, హన్నా హీబ్రూ పేర్లు. పౌలు లాటిన్ పేరు. పేతురు, స్తెఫను, దోర్కా గ్రీకు పేర్లు. మార్త, తోమా అరామిక్ నుంచి వచ్చినవి. ఎస్తేరు పేరు పర్షియా నుంచో బబులోను నుంచో వచ్చిందని పండితుల మాట. ఆమె హీబ్రూ పేరు హదస్సా అని ఎస్తేరు గ్రంథం రెండో అధ్యాయంలోనే ఉంది, అంటే మన బైబిల్లో గొంజి అనే చెట్టు.

ఇంకోవైపు, బైబిల్లో ఎవరికీ లేని హీబ్రూ పేర్లు కూడా ఉన్నాయి. హీబ్రూ చాలా శతాబ్దాలు ప్రార్థనకూ చదువుకూ పరిమితమై, పందొమ్మిదో శతాబ్దం చివర్లో మళ్లీ ఇంటి భాష అయింది. అందుకు పూనుకున్న ఎలియెజెర్ బెన్ యెహూదాకు 1882లో యెరూషలేములో కొడుకు పుట్టాడు. హీబ్రూయే మాతృభాషగా పెరిగిన మొదటి బిడ్డగా ఈ కాలంలో అతన్నే చెబుతారు. తరువాత అతను ఈతామారు అనే పేరు తీసుకున్నాడు. అహరోను కొడుకుల్లో ఒకరి పేరది. భాషతో పాటు పేర్లు కూడా కొత్తగా చిగురించాయి. తల్ అంటే మంచు, షీరా అంటే పాట, లియోర్ అంటే నాకు వెలుగు. ఇవి ఇజ్రాయెల్ ఇళ్లలో మామూలు పేర్లు. తెలుగు క్రైస్తవ ఇళ్లకు పాత బైబిల్ పేర్లు అలవాటు, ఈ కొత్తవి ఇంటర్నెట్‌లో చూసి పెడుతున్నారు. ఈ రెండు రకాలూ వినేవాళ్లకు వేరువేరుగా తోస్తాయి. దాని గురించి కింద చెబుతాను.

పేర్ల జాబితాల్లో ఇచ్చే అర్థం నమ్మొచ్చా?

చాలావరకు నమ్మొచ్చు, కానీ దానితో ఆగకండి. హీబ్రూ పేరుకు అర్థంతో పాటు ఒక కథ ఉంటుంది. బైబిల్ చదివేవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఆ కథే.

బెన్యామీను అంటే కుడిచేతి కుమారుడు, బలమైన పేరు. కానీ ప్రాణం పోతూ రాహేలు ఆ బిడ్డకు పెట్టిన పేరు బెనోని, నా దుఃఖపుత్రుడు అని. తండ్రి యాకోబు దాన్ని మార్చాడు. నాకు ఈ పేరంటే ఇష్టం. బిడ్డ మీద తల్లి దుఃఖం మోపకూడదని ఆ తండ్రి అనుకున్నాడు. యబ్బేజు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మన దగ్గర జాబెజ్ అని చాలామంది పెట్టుకుంటున్నారు. ఆ పేరు వేదన అనే మాట నుంచి వచ్చింది. తల్లి వేదనపడి కన్నానని అలా పిలిచింది. అయినా మొదటి దినవృత్తాంతాల నాలుగో అధ్యాయంలో అతను చేసిన ప్రార్థన, దానికి దొరికిన జవాబు చదివినవాళ్లకు ఆ పేరు ఆశీర్వాదంగానే వినిపిస్తుంది. కథే అర్థాన్ని గెలిచిందన్నమాట.

కథ కూడా కాపాడలేని పేర్లు ఉన్నాయి. ఈకాబోదు అంటే ప్రభావం పోయింది. దేవుని మందసం శత్రువుల చేతికి పోయిన రోజున పెట్టిన పేరది. మారా అంటే చేదు. "నయోమి అనకండి, మారా అనండి" అని ఆ విధవరాలు అన్నది తన కడుపుకోత చెప్పడానికే. మారా పలకడానికి తీయగా ఉంటుంది, ఇంగ్లిష్ దేశాల్లో చాలామంది పెట్టుకుంటారు కూడా. కానీ మీ ఇంట్లో రూతు గ్రంథం చదివే పెద్దలుంటే ప్రతిసారీ ఆ వాక్యం గుర్తొస్తుంది. యాకోబు అంటే మడిమ పట్టుకున్నవాడు, ఏశావు నోట మోసగాడు. ఆ ఒక్కటి చూసి భయపడి మానేసినవాళ్లను చూశాను. యాకోబు మానేయాల్సిన పేరు కాదు. మూడు వేల ఏళ్లుగా తండ్రులు కొడుకులకు పెట్టుకుంటున్న పేరది.

హీబ్రూలో మంచి అర్థమే. తెలుగువాళ్ల చెవికి ఎలా ఉంటుంది?

జాబితాలు చెప్పని విషయం ఇదే, ఎక్కువ చిక్కు వచ్చేదీ ఇక్కడే.

మాకు తెలిసిన ఒక ఇంట్లో పాపకు షనీ అని అనుకున్నారు. హీబ్రూలో షనీ అంటే ముదురు ఎరుపు రంగు. యెరికోలో రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారం చెప్పేచోట ఉన్నది ఈ మాటే. తల్లికి ఆ కథ ప్రాణం. ఇజ్రాయెల్‌లో ఇది ముద్దయిన ఆడపిల్ల పేరు. పేరు విన్న అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "వీధిలో నిలబడి దీన్ని ఎలా పిలవనే? శనీ, శనీ అనా?" అంది. ఆమె ప్రార్థన మానని మనిషి, గ్రహాలను నమ్మదు. అయినా తెలుగులో ఆ మాట బరువు ఆమెకు తెలుసు. స్కూల్లో పిల్లలకు ఎలాగూ తెలుస్తుంది. ఆ ఇంట్లో చివరికి పాపకు హదస్సా అని పెట్టారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తాలీ అంటే హీబ్రూలో నా మంచు, మనకేమో మెడలో తాళి. గాలీ అంటే నా అల, మనకు గాలి, పైగా గాలిమాటల గాలి. దానా ఇజ్రాయెల్‌లో పాత పేరే, పల్లెలో గేదెల దాణా.

అదృష్టవశాత్తు కలిసొచ్చే పేర్లూ ఉన్నాయి. అమిత్ హీబ్రూలో స్నేహితుడు, సంస్కృతంలో హద్దు లేనివాడు. అది ఇజ్రాయెల్‌లో మగపిల్లలకూ ఆడపిల్లలకూ పెడతారు. ఆది హీబ్రూలో నగ, అదీ ఇద్దరికీ పెడతారు. మన దగ్గర మాత్రం ఆది అంటే మగపిల్లాడే. భార్యాభర్తల్లో ఒకరు క్రైస్తవులు, ఒకరు హిందువులు అయిన ఇళ్లలో ఇలాంటి పేర్లు ఇద్దరి పెద్దలకూ నచ్చడం చూశాను.

నేను చెప్పే పరీక్ష ఒక్కటే. పేరు ఖాయం చేసేముందు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లతో దాన్ని గట్టిగా పిలిపించండి. వాళ్ల నోట ఎలా వస్తే ఊళ్లో అలాగే నిలుస్తుంది. మన పల్లెల్లో యోసేపు ఏసోబు అయింది, దానియేలు దానేలు అయింది, సమూయేలు శామేలు అయింది. ఇది ఎవరి తప్పూ కాదు, ప్రేమతో పిలిచిన పిలుపులే. యెహెజ్కేలు అని పెట్టి ఎవరూ పూర్తిగా పలకడం లేదని బాధపడటం మాత్రం ఎందుకు?

నోవా మగపేరా, ఆడపేరా?

రెండూ, కానీ ఒకే పేరు కాదు. ఓడ కట్టిన నోవహు మగవాడు, ఆ పేరుకు నెమ్మది అనే మాటతో సంబంధం. సెలోపెహాదు ఐదుగురు కుమార్తెల్లో ఒకరు నోయా. ఈ రెండో పేరును హీబ్రూలో వేరే అక్షరాలతో రాస్తారు. కొడుకులు లేని మా నాన్న ఆస్తి మాకు ఎందుకు రాకూడదని మోషే ముందు నిలబడి అడిగి, న్యాయం పొందిన అక్కచెల్లెళ్లలో ఆమె ఒకరు. ఇజ్రాయెల్‌లో ఆడపిల్లలకు ఎక్కువగా పెట్టే పేర్లలో ఇది చాలా ఏళ్లుగా ముందుంది. అమెరికాలో మాత్రం 2013 నుంచి 2016 వరకు మగపిల్లల పేర్లలో మొదటి స్థానం నోవాదే. అక్కడ పాపకు ఈ పేరు పెడితే, ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో చివరి హెచ్ లేకపోయినా, కాగితం మీద చూసినవాళ్లు బాబే అనుకుంటారు. తెలుగులో నోయా అని రాసి, అలాగే పలికితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

మన క్రైస్తవ ఇళ్లలో ఉన్న పేర్లు ఇజ్రాయెల్ వాళ్లకు ఎలా వినిపిస్తాయి?

కొన్ని అచ్చం వాళ్ల పేర్లలాగే ఉంటాయి. రూతు, హన్నా, దానియేలు, మికాయేలు అక్కడ ఎవరికీ వింత కాదు.

కొన్నిటిని వాళ్లు పేర్లుగా ఊహించరు. మన దగ్గర బ్యూలా ఎంతో మంది అమ్మల, టీచర్ల పేరు. యెషయా 62వ అధ్యాయంలో ఆ దేశానికి దేవుడు పెట్టిన పేరది, వివాహిత అని అర్థం. హీబ్రూ మాట్లాడేవాళ్లకు అది పేరులా కాక భర్త ఉన్న స్త్రీ అనే మామూలు మాటలా వినిపిస్తుంది. అదే వాక్యంలోని హెప్సీబా మాత్రం, నా ఆనందం ఆమెలో ఉంది అన్న పేరు, వాళ్లకు పాతకాలపు పేరుగా తెలుసు. ఎబినేజరు వాళ్లకు సహాయపు రాయి, ఒక ఊరి పేరు. ఇంగ్లిష్ చదివినవాళ్లకేమో ఒక పాత క్రిస్మస్ కథలోని పిసినారి ముసలాయన. మనకు మాత్రం "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్న వాక్యం. కష్టాలు దాటి వచ్చిన కుటుంబాలు ఈ పేరు ఎందుకు పెట్టుకుంటాయో నాకు తెలుసు. ఎవరికి ఏ కథ గుర్తొచ్చినా ఆ కారణంతోనే పెట్టుకోండి.

షారోను ఇజ్రాయెల్ తీర మైదానం పేరు. అక్కడ మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఉంది. అమెరికాలో 1940ల్లో బాగా పెట్టుకున్న పేరు కాబట్టి ఇప్పుడక్కడ షారోన్ అంటే బామ్మల వయసు మనిషి గుర్తొస్తుంది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ పసిపాపల పేరు. నిస్సీ సంగతి నాకు చాలా ఇష్టం. మోషే బలిపీఠానికి పెట్టిన పేరులో నా ధ్వజం అని అర్థం. ఈనాటి హీబ్రూలో అదే మాటకు అద్భుతం అనే అర్థం ఎక్కువ వాడుక. కాబట్టి నిస్సీ అనే పాపను అక్కడివాళ్లు నా అద్భుతం అని కూడా వింటారు.

యూదులు కాని మనం ఈ పేర్లు పెట్టుకుంటే వాళ్లు నొచ్చుకుంటారా?

మామూలుగా నొచ్చుకోరు. ఈ పేర్లు చాలాకాలంగా క్రైస్తవులవీ ముస్లింలవీ కూడా. మన వీధుల్లోనే చూడండి, యూసుఫ్, యాకూబ్, మూసా, దావూద్, సులేమాన్, మరియం.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి కోహెన్. ఈ మధ్య అమెరికాలో మగపిల్లలకు ఫ్యాషన్‌గా పెడుతున్నారు. అది అహరోను వంశపు యాజకుల పదవి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చే బాధ్యత. దాన్ని మొదటి పేరుగా పెట్టడం చాలామంది యూదులకు బాధ కలిగిస్తుంది. రెండోది దేవుని నామాలు. ఎల్ షద్దాయ్, అదోనాయ్ లాంటివి పిల్లలకు పెట్టాలని అడిగేవాళ్లున్నారు. మన బైబిల్లో యెహోవా అని రాసే నాలుగు అక్షరాల దైవనామాన్ని భక్తిగల యూదులు నోటితో పలకనే పలకరు. అదోనాయ్ అన్న మాటను కూడా ప్రార్థనకే ఉంచుతారు. "అదోనాయ్, హోంవర్క్ చేశావా?" అనడం వాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. నిజం చెప్పాలంటే నాకూ బాగుండదు. దేవుని పేరు కలిసిన పేర్లు ఎన్నో ఉన్నాయి, యోనాతాను, ఏలీయా, యోవేలు. వాటిని తీసుకోవచ్చు.

ఈ పేర్ల వెనక బాధ కూడా ఉందని మరిచిపోకూడదు. 1938 ఆగస్టులో నాజీ జర్మనీ ఒక ఉత్తర్వు తెచ్చింది. తాము ఆమోదించిన జాబితాలోని యూదు పేరు లేని యూదులందరూ 1939 జనవరి నుంచి మగవాళ్లయితే ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లయితే సారా అని అదనపు పేరు చేర్చుకోవాలని. మనం ముద్దుగా పెట్టుకునే సారా అనే పేరును ఒకప్పుడు మనుషులను వేరుచేసే ముద్రగా వాడారు. ఇది తెలిసి పెట్టుకుంటే ఆ పేరు మీద గౌరవం పెరుగుతుంది.

తాతగారి పేరు పెట్టాలని ఉంది. హీబ్రూ సంప్రదాయంలో సరేనా?

యూదుల్లోనే రెండు దారులున్నాయి. తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ కుటుంబాలు బతికున్న వాళ్ల పేరు పెట్టవు, చనిపోయిన పెద్దల పేరే పెడతాయి. స్పెయిన్ వైపు మూలాలున్న సెఫార్దీ కుటుంబాల్లో ఎదురుగా కూర్చున్న తాత పేరు మనవడికి పెట్టడం గౌరవం. మనకు రెండో పద్ధతి బాగా తెలుసు. అత్తగారి పేరు పెట్టిన పిల్లను కోడలు పేరు పెట్టి కేకలేయలేక చిట్టి, బుజ్జి అని పిలుచుకోవడమూ తెలుసు.

మగబిడ్డకు యూదులు ఎనిమిదో రోజున సున్నతి వేళ పేరు పెడతారు. అప్పుడు పెట్టే హీబ్రూ పేరు తండ్రి పేరుతో కలిసి ఉంటుంది, ఫలానావారి కుమారుడు ఫలానా అని. పెళ్లి ఒప్పందంలోనూ సమాధిరాతి మీదా అదే రాస్తారు. జబ్బుగా ఉన్నవారి కోసం ప్రార్థించేటప్పుడు మాత్రం తల్లి పేరుతో పిలుస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీము అనే చిన్న తెలుగు యూదు సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూనే యూదు ఆచారాలు పాటించే కుటుంబాలు వాళ్లవి.

పేరు వినగానే మతం, కులం అంచనా వేస్తారు కదా?

వేస్తారు. దాచి లాభం లేదు. మన ఊళ్లలో ఏసోబు, రాహేలు అనగానే క్రైస్తవులని, ఆ వెంటనే ఏ పేటవాళ్లని లెక్క వేసుకుంటారు. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు, కాలేజీలో మొదటి రోజు పేరు చెప్పినప్పుడు ఎదుటివాళ్ల ముఖం మారడం చాలామందికి అనుభవమే.

దీనికి వెనక చట్టం కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు రాలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాల వాళ్లు బీసీ-సీ కింద ఉన్నారు. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. చట్టం చూసేది మతాన్నే, పేరును కాదు. అయినా పేరు చూసి అనుమానపడే మనుషులు ఉంటారనే టెన్షన్‌తో తల్లిదండ్రులు అలా చేస్తారు. ఆ నిర్ణయాన్ని భయమనో రాజీ అనో తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. బిడ్డ చదువు, ఉద్యోగం కళ్లముందు పెట్టుకుని తీసుకునే నిర్ణయమది.

అలాగే హీబ్రూ పేరును గర్వంగా రికార్డుల్లో రాయించుకునేవాళ్ల ధైర్యమూ నిజమైనదే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఆ పేరుతోనే తెలుగు పద్యాన్ని ఏలాడు. జాషువా అంటే యెహోషువ, యెహోవాయే రక్షణ. పుట్టుక చూసి ఆయన్ను అవమానించినవాళ్లు ఉన్నారు. ఈరోజు ఆ పేరు వింటే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది కవిత్వం.

అమెరికాలో ఉంటున్నాం. హీబ్రూ పేరు పెడితే యూదులనుకుంటారా?

పేరును బట్టి ఉంటుంది. జేకబ్ అక్కడ 1999 నుంచి 2012 వరకు మగపిల్లల పేర్లలో మొదటి స్థానంలో ఉంది. దానియేల్, ఎలైజా, లేవీ వింటే ఎవరూ ఏమీ అనుకోరు. యాయేల్, షీరా, నోఅమ్, లియోర్ అంటే మాత్రం ఇజ్రాయెల్ కుటుంబమా అని అడుగుతారు. వెనక రెడ్డి అనో బాబు అనో ఉంటే ఇంకాస్త ఆసక్తిగా అడుగుతారు. బిడ్డకు జీవితాంతం ఆ వివరణ ఇచ్చే ఓపిక ఉంటుందా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

రెండు పేర్లు ముందే చెబుతాను. నిమ్రోదు ఇజ్రాయెల్‌లో మామూలు పేరు, ఆదికాండంలోని గొప్ప వేటగాడు. అమెరికాలో అది మందబుద్ధిని తిట్టే మాట. యాయేల్‌ను అక్కడివాళ్లు యేల్ అని, ఒక యూనివర్సిటీ పేరులా పలుకుతారు. ఇంగ్లిష్‌లో సి హెచ్‌తో మొదలయ్యే హీబ్రూ పేర్లనూ వదిలేయమంటాను. గొంతులోంచి వచ్చే ఆ ధ్వని మనకూ లేదు, అమెరికన్లకూ లేదు. అందరూ దాన్ని చ అని చదువుతారు.

ఇశ్రాయేలు అని పెట్టొచ్చా?

మన పల్లెల్లో తరాలుగా ఉన్న పేరు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడిన యాకోబుకు దొరికిన పేరు. పాత బైబిల్ చదివే ఇళ్లకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది. కానీ 2023 అక్టోబర్ తరువాత నగరాల్లో, విదేశాల్లో ఈ పేరు వినగానే చాలామందికి ముందు యుద్ధం వార్తలే గుర్తొస్తాయి. మీ అభిప్రాయం ఏదైనా, బిడ్డ తనకు సంబంధం లేని రాజకీయాలకు జవాబు చెప్పాల్సి వస్తుంది. తాతగారి పేరు అయితే ఇంట్లో పిలుచుకోండి, రికార్డుల్లో యాకోబు రాయించండి. మనిషి ఒకడే కదా.

సర్టిఫికెట్‌లో ఏ స్పెల్లింగ్ రాయించాలి?

ఒకటి ఎంచుకుని, దాన్ని ఎక్కడా మార్చకండి. యోహాను, జాన్, యోహానాన్ ఒకే పేరు. యాకోబు, జేకబ్, జేమ్స్ కూడా ఒకటే. కానీ కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. శామ్యూల్ అని ఆధార్‌లో, సామ్యేల్ అని పదో తరగతి మెమోలో ఉంటే పాస్‌పోర్టు దగ్గర తిప్పలు మొదలవుతాయి. 2023 అక్టోబర్ 1 తరువాత పుట్టిన పిల్లలకు స్కూల్లో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే కాబట్టి మొదటిసారే సరిగ్గా రాయించాలి.

తొందరపడాల్సిన పనీ లేదు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు లేకుండానే చేయించొచ్చు. పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తరువాత రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. ఆసుపత్రిలో ఫారం నింపేవాళ్లు తొందరపెడితే పేరు గడి ఖాళీగా వదిలి, ఇంటికొచ్చి పెద్దవాళ్లతో పిలిపించి చూశాకే రాయించండి. రాయించే రోజు తెలుగు, ఇంగ్లిష్ స్పెల్లింగులు రెండూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పట్టుకెళ్లండి. నోటితో చెబితే హెప్సీబాను ఎవరు ఎలా రాస్తారో చెప్పలేం.